కెమెరా ఎంపిక, పట్టీ ఎంపిక

మన యిండ్లలో పాత ఫొటోల పుస్తకమును తెరచి చూచినచో ఒక సంగతి తోచును. పెండ్లి బొమ్మలున్నవి. ఉపనయనపు బొమ్మలున్నవి. స్టూడియోలో తెర ముందు వరుసగా కూర్చుండి తీయించుకొన్న కుటుంబ చిత్రమున్నది. కాని తెల్లవారుజామున వాకిట ముగ్గు వేయుచున్న నాయనమ్మ అందులో లేదు. పడక కుర్చీలో కండ్లజోడు నుదుటి మీదికి నెట్టి పత్రిక చదువు తాతగారు లేరు. ఎండకాలపు మధ్యాహ్నము పెరటిలో ఆవకాయకు కాయలు కొట్టుచు నవ్వుకొను అక్కచెల్లెండ్రు లేరు. ఆ రూపములు చూచినవారి జ్ఞాపకములో మాత్రమే ఉన్నవి. ఆ చూచినవారు పోయిన వెనుక వానిని ఎవ్వరును చూడజాలరు. మన పెద్దలకు శ్రద్ధ లేక ఇట్లు జరుగలేదు. ఆ క్షణమున చేతికందు చోట కెమెరా లేక జరిగినది.

నిత్యము వాడుకొనుటకు డిజిటల్ కెమెరాను ఎట్లు ఎన్నుకొనవలెనని మమ్ము అడుగువారు పలువురు. దానిని మోయుటకు ఎట్టి పట్టీ కావలెనని అడుగువారు బహు కొలది. మా లెక్కలో ఈ రెండును ఒకే ప్రశ్న. కెమెరా కొనబోవువాడు దుకాణమునకు పోయి, దీనిలో మెగాపిక్సెలు లెన్ని యని అడుగును. ఇల్లు కదలినపుడు ఇది నా ఒంటిమీద ఎక్కడ ఉండును అని తన్ను తాను అడుగుకొనడు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు లేని కెమెరా, ఎంత గొప్పదైనను, ఆరు నెలలలో బీరువాలోనికి చేరును. వేలకు వేలు పోసి కొన్న వస్తువు పట్టుచీరల నడుమ పడియుండుట మేము చాల యిండ్లలో చూచియున్నాము.

కెమెరా బరువు మన చూపునే శాసించుననుటకు చరిత్రయే సాక్ష్యము. రాజా దీన్ దయాళ్ (1844–1905) ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున ఛాయాగ్రాహకుడుగా ఉన్న దినములలో బొమ్మ గాజుపలక మీద దిగెడిది. పెద్ద కొయ్యపెట్టె, మూడుకాళ్ల పీట, పలకలు, వానిని మోయుటకు సహాయకులు. అట్టి సరంజాముతో పోదగిన చోట్లు దర్బారులు, రాజభవనములు, వేట శిబిరములే గాని వంటయింటి గడప కాదు. తరువాత ఫిలిము చుట్టలు వచ్చెను, పెట్టె చిన్నదాయెను. 1960, 70 దశకములలో మన మధ్యతరగతి యిండ్లలో కనబడిన అగ్ఫా క్లిక్ 3 కెమెరాను పలువురు శ్రోతలు ఎరిగియే యుందురు. చుట్టకు 12 బొమ్మలు. పన్నెండే గనుక వానిని పండుగకో ప్రయాణమునకో దాచుకొనిరి. నాయనమ్మ ముగ్గు వేయుట పండుగ కాదు. అది దినదినము జరుగునదే గదా యనుకొనిరి.

1975లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు ఫిలిము లేని కెమెరాను కూర్చెను. అది సుమారు 3.6 కిలోల బరువు. ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్టు టేపు మీదికి ఎక్కించుటకు 23 సెకండ్లు పట్టెడిది. ఆ బొమ్మలో చుక్కలు పదివేలు మాత్రమే. దాని కన్నుగా పనిచేసిన సి.సి.డి. యను సాధనమును 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టిరి. అందులకు వారికి 2009లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. నేటి కెమెరాలలో చాలవరకు వేరొక జాతి సెన్సారు వచ్చినది గాని మూలసూత్రము అదియే: వెలుగు పడిన చోట విద్యుత్తు పుట్టును, ఆ విద్యుత్తును కొలిచి అంకెగా వ్రాసికొనవచ్చును. పదివేల చుక్కలు నేడు రెండున్నర కోట్లయినవి. బరువు మూడున్నర కిలోల నుండి పావుకిలోకు దిగినది. మొదటి మార్పును అందరును చెప్పుకొందురు. మాకు రెండవదే ఎక్కువ ముఖ్యముగా తోచుచున్నది.

ఇక ఫోను మాట. ఫోనులో కెమెరా ఉండగా వేరుగా ఇంకొకటి ఎందుకని అడుగువారి ప్రశ్న న్యాయమైనదే. లోకమంతయు అట్లే అనుకొన్నది గనుకనే 2010లో ప్రపంచ విపణికి 12 కోట్లకు పైగా వచ్చిన డిజిటల్ కెమెరాలు 2023 నాటికి ఏటికి 80 లక్షలకు లోబడినవి. పగటి వెలుగులో, నిలిచియున్న మనిషిని, పది అడుగుల లోపున తీయవలెనన్న ఫోను చాలును. దానికై వేరు డబ్బు పెట్టవలదనియే మా సలహా. కాని సాయంకాలము దీపము పెట్టిన తరువాత నడవలో పరుగెత్తు మనుమని తీయబోవుడు. ముఖము మసకగా నీడవలె వచ్చును. చింతచెట్టు కొననున్న పిట్టను, వేదిక మీద నాట్యమాడు కూతురును తీయబోవుడు. ఫోను దగ్గరకు లాగి చూపునదంతయు చాలవరకు ఉన్న బొమ్మను సాగదీయుటయే. ఇంకొక చిక్కు ఉన్నది. దీనిని సాంకేతికులు చెప్పరు. ఫోను చేతికి తీసికొన్నవాడు బొమ్మ తీయుటకు పూర్వమే ఏదో సందేశము చూచును. తల యెత్తునప్పటికి పిల్లవాడు అచ్చట ఉండడు.

కావున కెమెరా కొనదలచినవారికి మొదట తెలియవలసినది సెన్సారు పరిమాణము. వానకాలములో చూరు కింద ఒక గ్లాసును, ఒక వెడల్పైన పళ్లెమును పెట్టినచో ఒకే వానలో ఏది ఎక్కువ నీరు పట్టునో చెప్పనక్కరలేదు. వెలుగు విషయములోను అంతే. పాత 35 మిల్లీమీటర్ల ఫిలిము చట్రమంత సెన్సారు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు, అనగా 864 చదరపు మిల్లీమీటర్లు. దీనిని ఫుల్ ఫ్రేమ్ అందురు. తరువాతిది ఏ.పి.ఎస్.-సి.; సుమారు 366 చదరపు మిల్లీమీటర్లు. అటు తరువాత ఫోర్ థర్డ్స్ అనునది 225. ఒక అంగుళపు సెన్సారు అనునది 116 మాత్రమే. ఈ చివరి పేరు విని మోసపోవలదు. అందులో ఏ కొలతయు అంగుళము లేదు. పూర్వపు టెలివిజన్ కెమెరాల గాజుగొట్టముల వెలుపలి వ్యాసమును బట్టి వచ్చిన పేరది. వస్తువు పోయినను పేరు నిలిచినది. ఫోనులలోని సెన్సారులు సామాన్యముగా దీనికంటెను చిన్నవి.

అట్లయిన పెద్ద సెన్సారే కొనరాదా యని అడుగవచ్చును. పళ్లెము పెద్దదైన దానిపై మూత పెద్దది కావలెను. సెన్సారు పెద్దదైన లెన్సు పెద్దదగును, బరువగును. 2016లో వచ్చిన కెనన్ 5డి మార్క్ 4 కెమెరా బేటరీతో 890 గ్రాములు. దానికి సామాన్యముగా తగిలించు 24–70 లెన్సులలో ఎఫ్ 2.8 రకము 805 గ్రాములు. రెండును కలిసి కిలో 700 గ్రాములకు దగ్గర. పెండ్లిండ్లలో తీయువారికి అది జీవనోపాధి, వారు మోయుదురు. కూరగాయల సంచితో బజారు నుండి వచ్చు గృహస్థు దానిని మోయడు. 2019లో వచ్చిన రీకో జి.ఆర్. 3 లో ఏ.పి.ఎస్.-సి. సెన్సారే ఉన్నది, బరువు బేటరీ, కార్డులతో 257 గ్రాములు, చొక్కా జేబులో కాకున్నను లాల్చీ జేబులో పట్టును. 2024లో వచ్చిన ఫ్యూజీఫిల్మ్ ఎక్స్ 100 6లోను ఆ సెన్సారే; 521 గ్రాములు. 2023 నాటి కెనన్ ఆర్ 50, తనతో వచ్చు చిన్న జూమ్ లెన్సుతో కలిపి సుమారు 505 గ్రాములు. వీనిలో ఏదో ఒకటి కొనుడని మేము చెప్పుట లేదు. బరువు ఎట్లు మారునో తెలియుటకు చెప్పితిమి. మా అనుభవములో, లెన్సుతో కలిపి 600 గ్రాములు దాటిన కెమెరా నిత్యమును వెంట రాదు.

మెగాపిక్సెలుల లెక్క సులభమైనది. ఒక్కసారి చేసికొన్నచో ఆ భ్రమ తీరును. ఆరు అంగుళముల పొడవు, నాలుగు అంగుళముల వెడల్పు గల కాగితపు బొమ్మను అంగుళమునకు 300 చుక్కల వంతున అచ్చు వేసినను, 1800ను 1200తో హెచ్చవేయగా 21 లక్షల 60 వేల చుక్కలు చాలును. అనగా రెండు మెగాపిక్సెలులకు కొంచెము పైన. గోడకు వ్రేలాడదీయు ఎ-4 పరిమాణపు బొమ్మకు తొమ్మిది చాలును. 4కె అని చెప్పు పెద్ద టెలివిజన్ తెర మీద ఉన్నవే ఎనిమిదికి చిల్లర. నేడు ఏ కెమెరా చూచినను ఇరువదికి తక్కువ ఉన్నది అరుదు. ఆ అంకె కొరకు అదనముగా ఇచ్చు ప్రతి రూపాయియు లెన్సు కొరకు ఇచ్చుట మేలు.

లెన్సు విషయములో ఒక్క మాటే చెప్పుదుము గాని దానిని గట్టిగా చెప్పుదుము. కెమెరాతో పాటు పెట్టెలో వచ్చు జూమ్ లెన్సు ఎండలో మంచిది, ఇంట్లో పిసినారి. దాని ద్వారము సామాన్యముగా ఎఫ్ 5.6 దరిదాపునకు ముడుచుకొనును. ఎఫ్ 1.8 లెన్సు దానికి సుమారు పదింతల వెలుతురు నిచ్చును. ట్యూబ్‌లైటు గదిలో మొదటిది సెకండులో 25వ వంతు కాలము తెరచియుండవలసిన చోట రెండవది 250వ వంతులో పని ముగించును. ఆడుకొను పిల్లవాని ముఖము ఆ 250వ వంతులోనే స్పష్టముగా నిలుచును. చేతివణకును సరిదిద్దు ఏర్పాటు కెమెరాలో ఉన్నదిగదా యని దుకాణదారు చెప్పును. అది మన చేయి వణకినను సరిదిద్దును గాని పిల్లవాని పరుగును ఆపజాలదు. ఏ.పి.ఎస్.-సి. కెమెరాకు 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లేక ఎఫ్ 2 లెన్సు ఒక్కటి ఉన్నచో, మనిషి కన్ను చూచునంత మేరను ఇంచుమించు సహజముగా చూపును. మన యిండ్ల చిన్న గదులలో పదిమందిని ఒకే బొమ్మలో పట్టవలెనన్న 23 మిల్లీమీటర్లది మరింత అనుకూలము.

దుకాణములో తెర మెరుపు చూచి మురియవలదు. మన దేశపు ఎండలో, బయట, ఆ తెర నల్లని పలకవలె కనిపించును. కన్ను ఆనించి చూచు వ్యూఫైండరు ఉన్న కెమెరా అందుకే మాకు ఇష్టము. దానివలన కెమెరా నుదుటికి ఆని చేయి నిలకడగా ఉండును. చత్వారపు అద్దములు పెట్టుకొనువారు, వ్యూఫైండరు పక్కనున్న చిన్న చక్రమును తిప్పి తమ చూపునకు సరిచేసికొనవచ్చునని చాలమందికి తెలియదు. ఫోను చార్జరుతోనే కెమెరాకు విద్యుత్తు ఎక్కించుకొను వీలున్నదా యని చూడుడు. పాతది కొనువారు దాని మూత ఎన్నిమార్లు తెరచుకొన్నదో ఆ లెక్కను అడిగి తెలిసికొనవలెను. రసీదు, ఈ దేశములో చెల్లు హామీపత్రము లేని కొత్త కెమెరాను, ఎంత చవుకగా వచ్చినను, కొనవలదు.

ఇప్పుడు పట్టీ. ట్రాన్సిస్టరు రేడియో మన పల్లెలకు వచ్చిన కాలమును పెద్దలైన శ్రోతలు తలచుకొనవచ్చును. గూటిలోని పెద్ద రేడియోకు వినువారు తామే వచ్చిరి. ట్రాన్సిస్టరు తానే వినువారి వెంట పోయెను. పొలము గట్టుకును, బండి మీదికిని, మర్రిచెట్టు కిందికిని. లోపల ఉన్న ట్రాన్సిస్టరుల మహిమ సరే; దానికి కుట్టిన తోలు ఒర, భుజమునకు తగిలించుకొను తోలుపట్టీ లేనిచో అది అరక దున్నువాని వెంట పోగలిగెడిదా? కెమెరా విషయములో మనము ఆ పట్టీ సంగతి మరచి లోపలి మహిమనే లెక్కపెట్టుచున్నాము.

పెట్టెలో కెమెరాతో వచ్చు పట్టీ మీద తయారీదారు పేరు పెద్ద అక్షరములతో ఉండును. అది వారికి ప్రకటన, దొంగకు ఆహ్వానము. పైగా అది సామాన్యముగా మెడలో వేసికొనునంత పొడవే ఉండును. మెడలో వేసికొన్న కెమెరా ఉదరము మీద ఊగుచుండును. వంగి ముగ్గు బొమ్మ తీయబోయినపుడు ముందుకు వ్రేలాడి నేలను తాకును. గంట నడచిన తరువాత ఆ బరువంతయు మెడవెనుక ఎముక మీద నిలుచును. 300 గ్రాముల కెమెరాకు ఇది తెలియదు. అరకిలో దాటినపుడు సాయంకాలమునకు మెడ పట్టివేయును; మరునాడు ఆ కెమెరాను తీసికొనిపోవ బుద్ధి పుట్టదు. కెమెరాకు బీరువాతో స్నేహము ఇట్లు మొదలగును.

జందెమువలె ఒక భుజము మీదుగా రెండవ తుంటి మీదికి దిగు పట్టీ దీనికి మేలైన ఉపాయము. బరువు భుజము మీద పడును. కెమెరా తుంటికి ఆని నిలుచును. అవసరమైనపుడు ఒక్క చేతితో కంటి యెత్తునకు జారి రావలెను. అట్లు జారుటకు పట్టీ లోపలి వైపు నున్నగా ఉండవలెను. మెత్తగా ఉండునని రబ్బరు వంటి నురుగుపట్టీలు కొందురు. అవి చొక్కాను పట్టుకొని జారవు, సాగుచు ఊగుచు అడుగడుగునకు కెమెరాను ఎగురవేయును. మాకు అవి నచ్చవు. దుకాణములలో మెడపట్టీలు ఒక మీటరు దరిదాపున, జందెపు పట్టీలు 120 నుండి 130 సెంటీమీటర్ల వరకు దొరకును. పొడవును తగ్గించుకొను, పెంచుకొను ఏర్పాటున్నదే కొనుడు; చలికాలములో శాలువ మీదను, వేసవిలో పలుచని చొక్కా మీదను ఒకే పొడవు సరిపోదు.

చీర కట్టు స్త్రీలకు ఈ సలహా ఇచ్చినవారిని మేము చూడలేదు గనుక ఇచ్చట చెప్పవలసి యున్నది. పైట ఎడమ భుజము మీద ఉండును. పట్టీని కూడ ఆ భుజము మీదనే వేసికొన్నచో కుచ్చెళ్లు నలుగును, పిన్ను చీరను చింపును. కుడిభుజము నుండి ఎడమ తుంటి మీదికి వేసికొనవలెను. పట్టీకి ఇనుప బక్కిలు, పండ్లున్న కొక్కెము ఉన్నచో అది జరీ పోగులను లాగివేయును. మెడలోని గొలుసును చిక్కులు పెట్టును. అట్టివారికి లోహపు ముక్కలు వెలుపలికి కనబడని నూలుపట్టీయో, నైలాను పట్టీయో తగినది.

పావుకిలో, ముప్పాతిక పావు బరువున్న చిన్న కెమెరాకు మణికట్టు పట్టీ చాలును. ముడి తానే బిగియునట్టిదై ఉండవలెను. వట్టి ఉచ్చు అయినచో చేయి జారినపుడు అదియు జారును. కాని బస్సులో ఒక చేయి కమ్మీకి, ఒక చేయి సంచికి పోయిన తరువాత మూడవ చేయి లేదు. అట్టి ప్రయాణములు నిత్యము చేయువారు చిన్న కెమెరాకైనను జందెపు పట్టీయే వాడుదురు గాక.

వెడల్పు బరువును బట్టి ఉండవలెను. చిన్న కెమెరాకు ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ చాలును. అరకిలో కెమెరాకు రెండున్నర, కిలో దాటినదానికి నాలుగు సెంటీమీటర్లు ఉన్న నొప్పి తెలియదు. తోలుపట్టీ చూపునకు అందముగా ఉండును, ఏండ్ల తరబడి మన్నును. కాని విశాఖపట్నము, కాకినాడ, మచిలీపట్నము వంటి తీరపు ఊళ్లలో వానకాలమున దానికి బూజు పట్టును. చెమటకు రంగు దిగి తెల్లని చొక్కా మీద గీత వేయును. ఆ ఊళ్లవారికి నైలాను మేలు. అనంతపురము ఎండలలో నూలుపట్టీకి సాటి లేదు. చెమటను పీల్చును, ఉతికి ఆరవేసికొనవచ్చును.

వీనియన్నింటికంటె ముఖ్యమైనది పట్టీ కెమెరాను పట్టుకొను చోటు. కొన్ని కెమెరాలకు పక్కన సన్నని బద్దవంటి చీలిక ఉండును. పట్టీ కొన అందులో దూరి బక్కిలులోనికి తిరిగి వచ్చును. కొనను బక్కిలు వెలుపల వదలక, మరల లోపలికి మడచి రెండు పొరల నడుమ బిగించవలెను. అట్లు చేయనిచో అది రోజుకొక వెంట్రుకవాసి జారి ఒకనాడు ఊడును. కొన్నింటికి చిన్న గుండ్రని చెవి ఉండును. దానికి తాళపుచెవుల గుత్తికి వేయునట్టి చుట్టుడు రింగు తగిలింతురు. ఆ రింగు కెమెరా పక్కను గీకకుండ చిన్న తోలుబిళ్ల అడ్డము పెట్టుదురు. దానిని పారవేయవలదు. రింగును, చెవిని నెలకొకసారి గోటితో తడిమి చూడుడు. అరిగిన చోట గాడి తగులును. గాడి తగిలిన రింగు వెంటనే మార్చవలెను. దాని వెల కొద్ది రూపాయలు. అది తెగి కెమెరా నాలుగడుగుల యెత్తు నుండి షాబాదు బండల మీద పడినచో బాగుచేయించుటకు అగు వ్యయము కొత్త కెమెరా వెలను తలపింపజేయును.

ఈమధ్య సన్నని త్రాటి ముక్కకు బిళ్ల కట్టి, ఆ బిళ్లను పట్టీ కొననున్న గూటిలో నొక్కితే టక్కున పట్టుకొను ఏర్పాట్లు వచ్చినవి. చాల సుకరము, క్షణములో పట్టీని తీయవచ్చును, పెట్టవచ్చును. నొక్కిన వెంటనే ఒకసారి గట్టిగా లాగి చూచుట అలవాటు చేసికొనవలెను. ఆ త్రాడు పైపొర అరిగి లోపలి వేరు రంగు కనిపించినదనగా దానిని మార్చుకొమ్మని గుర్తు. మరి కొన్ని పట్టీలు కెమెరా అడుగున, మూడుకాళ్ల పీటకు బిగించు పావు అంగుళపు మరకు తగిలించుకొనునవి. ఇవి వేగముగా జారును, కెమెరా తలక్రిందుగా తుంటి మీద హాయిగా ఉండును. ఐనను నడకలోని ఊపునకు ఏ మరయైనను వదులగుట సహజము. ఇట్టి పట్టీ వాడువారు ఇల్లు వెడలునపుడు మరను ఒకసారి బిగించి, దానికి తోడుగా కెమెరా చెవి నుండి పట్టీకి ఒక చిన్న త్రాడు కట్టుకొనుట మంచిది.

ఊరి చెప్పులు కుట్టువానిచేత తోలుపట్టీ కుట్టించుకొనరాదా యని అడిగినవారున్నారు. నిరభ్యంతరముగా కుట్టించుకొనవచ్చును, తోలు ఎంపికలోను, కుట్టులోను వారి నేర్పు అంగడి పట్టీలలో తరచు కనబడదు. మన యెత్తునకు సరిగా కొలిచి కుట్టుదురు. కాని కొక్కెము మాత్రము తాళపుచెవుల గుత్తులకు అమ్ము చవుక పోతలోహపు కొక్కెము కాకూడదు. అది వంగదు, హెచ్చరిక లేకయే విరుగును. కొక్కెమే లేకుండ, తోలునే చెవి రింగులో మడచి రెండు వరుసలుగా కుట్టించుట ఉత్తమము.

స్కూటరు మీద పోవునపుడు కెమెరాను జందెపు పట్టీతో ఒంటి మీద ఉంచుకొనవలదు. పట్టీ ఎంత గట్టిదో అంత ప్రమాదము. ఎవడైన లాగినచో కెమెరా కాదు, మనిషి పడును. సంచిలో పెట్టుకొనుడు. బల్ల మీద పెట్టినపుడు పట్టీ అంచు నుండి వ్రేలాడకుండ చుట్టిపెట్టవలెను; ప్రాకు బిడ్డ ఉన్న యింట వ్రేలాడు పట్టీకంటె ఆకర్షణ మరి యుండదు. బిడ్డ మెడలో సరదాకైనను దానిని వేయరాదు.

దుకాణములో కెమెరాను చేతబట్టి చూచి కొనుట చాలదు. హైదరాబాదు కోఠిలో కానిండు, విజయవాడలో కానిండు, మీరు ఎన్నుకొన్న లెన్సు తగిలించి, పట్టీ వేయించి, భుజమున తగిలించుకొని పది నిముషములు దుకాణములోనే తిరుగుడు. కూర్చుండుడు, లేవుడు, నేల మీద వస్తువు తీయునట్లు వంగుడు. తుంటి నుండి కంటికి తెచ్చుటకు ఎన్ని లెక్కలు పట్టుచున్నదో మనసులో ఎంచుకొనుడు. మూడు లెక్కలు మించరాదు. దుకాణదారు విసుగుకొనవచ్చును, విసుగుకొననిండు.

ఇంటికి తెచ్చిన తరువాత దానిని ఉంచు చోటు గూర్చి రెండు మాటలు. తలుపు పక్కన గొడుగు, తాళపుచెవులు తగిలించు మేకునకే తగిలింపుడని పొడికాలములో చెప్పుదుము. పోవుచు పోవుచు చేతికి వచ్చును. వానకాలమున, అందును తీరపు ఊళ్లలో, లెన్సు లోపలి గాజు మీద సాలెపట్టు వంటి బూజు పుట్టును. ఒకసారి పట్టినచో దానిని పూర్తిగా పోగొట్టుట కష్టము. ఆ నెలలలో గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో, చెమ్మ పీల్చు సిలికా జెల్ పొట్లములు వేసి ఉంచవలెను. పొట్లములలోని గింజల రంగు మారినపుడు వానిని సన్నని సెగమీద ఆరబెట్టి మరల వాడుకొనవచ్చును. పట్టీని మాత్రము కెమెరాతో కలిపి ఆ డబ్బాలో పెట్టవలదు. దినమంతయు ఒంటి చెమట పీల్చిన పట్టీ ఆ చెమ్మను లెన్సునకు ఇచ్చును. దానిని విప్పి, నీడలో దండెము మీద ఆరవేసి, పూర్తిగా ఆరిన పిమ్మట తిరిగి తగిలింపుడు. తగిలించునపుడు రింగును ఒకసారి తడిమి చూచుట మరువవలదు.